ఫోటో ఎందుకు పట్టేసిందో తెలియాలంటే తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడో చూడండి

శ్రీకాకుళం నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా ఫోటో గ్రూపులో వారానికొకరు తమకు బాగా నచ్చిన మూడు ఫోటోలు పెట్టి, ఎందుకు నచ్చాయో రాయాలి. ఈ వారం నా వంతు. ఫోటోలు దొరికాయి గానీ 'లైటింగ్ బాగుంది, కంపోజిషన్ బాగుంది' దాటి కలం కదలడం లేదు. పైగా అదే కళింగపట్నం, అదే సిరిమాను నేను తీస్తే చప్పగా వస్తున్నాయి. తేడా ఎక్కడుంది?"

"కంపోజిషన్ బాగుంది" అనడం పెళ్లి భోజనం చేసి వచ్చి "బాగా పెట్టారు" అన్నట్టే. తప్పేమీ లేదు, కానీ విన్నవాడికి ఆవ పెట్టిన పులిహోర పెట్టారో చక్రపొంగలి పెట్టారో తెలీదు. మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. నచ్చిన ఫోటో దొరికినప్పుడు అందులో ఏముందా అని చూడడం కాసేపు పక్కన పెట్టి, తీసినవాడి కాళ్లు ఎక్కడున్నాయో వెతకండి. కెమెరా నేలకు ఎంత ఎత్తులో ఉంది, మనిషికి ఎంత దూరంలో ఉంది, ఎండ ఎటు నుంచి పడుతోంది, షట్టర్ ఎంతసేపు తెరుచుకుంది. ఈ నాలుగూ ఫోటోలోనే రాసి ఉంటాయి. పక్కన కెమెరా వివరాల పట్టిక ఉండక్కర్లేదు. ఇవి చదవడం వస్తే రాయడానికి మాటలు వాటంతటవే వస్తాయి. మీరు తీసేటప్పుడు ఏం మార్చాలో కూడా అందులోనే తెలుస్తుంది.

ఎత్తుతో మొదలుపెడదాం. సముద్రతీరంలో ఇది చాలా సులువు. సముద్రమూ ఆకాశమూ కలిసే గీత ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే కనిపిస్తుంది. చదునైన ఇసుక మీద నిలబడ్డ మనుషుల్ని ఆ గీత ఎక్కడ కోస్తోందో చూడండి. కళ్ల దగ్గర కోస్తే తీసినవాడు కూడా వాళ్లలాగే నిలబడి తీశాడు. నడుం దగ్గర కోస్తే గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ల దగ్గర కోస్తే కెమెరాను ఇసుక మీదికి దించేసినట్టే. గీత అందరి తలలకూ పైన ఉందంటే గట్టెక్కాడు, మేడెక్కాడు, లేదా డ్రోన్ ఎగరేశాడు.

ఇప్పుడు కళింగపట్నంలో తెల్లవారుజామున అలివి వల లాగుతున్న దృశ్యానికి రండి. పదిమంది తాడు పట్టుకుని వెనక్కి వాలి లాగుతుంటారు. అందరూ నిలబడే తీస్తారు. అప్పుడు సముద్రపు గీత వాళ్ల మెడల గుండా పోతుంది. తల ఆకాశంలో, మొండెం నీళ్లలో. ఆ వేళప్పుడు నీళ్లూ చీకటే, మనిషీ చీకటే. మొండెం నీళ్లలో కలిసిపోయి వరుసగా తలకాయలు మాత్రం మిగులుతాయి. చప్పదనం ఇక్కడి నుంచే వస్తుంది. ఫోనును మోకాలి ఎత్తుకు దించండి. గీత వాళ్ల మోకాళ్ల దగ్గరికి దిగిపోతుంది. వాలిన వీపు, చాచిన చెయ్యి, బిగిసిన తాడు అన్నీ వెలుగుతున్న ఆకాశం ముందుకొస్తాయి. కెమెరా మారలేదు, సెట్టింగు మారలేదు, మూడడుగులు కిందికి దిగారంతే. మీకు నచ్చిన తీరం ఫోటోల్లో ఎన్నిటిలో గీత నడుం కిందుందో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

ఎత్తు తర్వాత ఖాళీలు. 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ రైల్వే స్టేషన్ వెనక ఆన్రీ కార్టియే-బ్రెసాన్ తీసిన ఫోటో మీరు చూసే ఉంటారు. నిలిచిన నీళ్ల మీదుగా ఒకాయన దూకుతుంటాడు. మడమ ఇంకా నీటిని తాకలేదు. మడమకూ నీళ్లలోని దాని నీడకూ మధ్య సన్నని ఖాళీ. వెనక గోడ మీది పోస్టరులో ఓ నర్తకి కూడా అచ్చం అలాగే గాల్లో ఉంటుంది. కంచె సందులోంచి తీసిన ఫోటో అది, అంటే అటూ ఇటూ జరిగే వీలు పెద్దగా లేదు. ఆయన చేతిలో ఉన్నది క్షణం ఒక్కటే. మడమ ఇంకో అంగుళం కిందికి దిగి ఉంటే ఆ ఫోటో గురించి ఇవాళ మనం మాట్లాడుకోం.

నీడ ఆకారాల ఫోటోలో ఖాళీలే ప్రాణం. ముఖం కనపడదు, రంగు కనపడదు, అంచు ఒక్కటే కనపడుతుంది. అంచులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతే పదిమంది కలిసి ఒక నల్ల ముద్ద. వల లాగేవాళ్లను తాడు వెంట ముందు నుంచి తీస్తే జరిగేది అదే. తాడుకు అడ్డంగా పక్కకు రండి, మనిషికీ మనిషికీ మధ్య ఆకాశం కనపడేదాకా జరగండి. మోచేతికీ పొట్టకీ మధ్య, రెండు కాళ్ల మధ్య కూడా వెలుగు కనపడాలి. పదిమందీ అలా దొరకరు. నలుగురు విడివిడిగా దొరికితే చాలు, మిగతావాళ్లను ఫ్రేములోకి రానివ్వకండి.

ఎండ లెక్క ఒకటి గుర్తుంచుకోండి. మన తీరం తూర్పు తీరం. మే, జూన్ నెలల్లో అయిదుంబావు దాటగానే, జనవరిలో ఆరున్నరకు కాస్త అటూ ఇటూగా సూర్యుడు పైకొస్తాడు. ఆకాశంలో రంగు అసలు పండేది దానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాల ముందు. సూర్యుడు కనపడ్డాక వచ్చేవాళ్లకు దొరికేది మిగిలిన రంగే. సాయంత్రం మాత్రం ఎండ భూమి వైపు నుంచి పడవల మీద పడుతుంది, వెనక సముద్రం నీలంగా ఉంటుంది. పడవ మీది రంగులు, రాతలు కావాలంటే సాయంత్రమే వెళ్లండి. పొద్దున తీసి రంగులు రాలేదని బాధపడే ఫోటోలు ప్రతి గ్రూపులోనూ ఉంటాయి.

ఫోనుతో ఇక్కడ ఒక చిక్కుంది. ఈ కాలం ఫోన్లన్నీ చీకటి భాగాల్ని వాటంతటవే వెలిగించేస్తాయి. మీకు నల్లటి ఆకారం కావాలి, ఫోనేమో లుంగీ గళ్లు చూపించాలని తాపత్రయపడుతుంది. ఫలితం బూడిద రంగు మనుషులు, అంచుల చుట్టూ తెల్లటి వెలుగు. ఆకాశంలో సూర్యుడికి కాస్త పక్కన వేలితో నొక్కి పట్టుకోండి, లాక్ అయ్యాక కనపడే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. చీకటినీ వెలుగునూ సమం చేసే హెచ్‌డీఆర్‌ను ఆపే వీలుంటే ఆపేయండి. లేకపోతే ప్రో మోడ్‌లో తీయండి. కెమెరా అయితే ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటో వెలుగును, మైనస్ ఒకటి నుంచి మైనస్ రెండు మధ్య పెట్టండి.

నీడలు కూడా చదవండి. చదునైన నేల మీద నీడ మనిషంత పొడవుంటే సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. మనిషికి రెట్టింపు ఉంటే సుమారు 27 డిగ్రీలు, అంటే మన దగ్గర పొద్దెక్కి రెండు గంటలో, పొద్దుగూకడానికి ఇంకా రెండు గంటలో. నచ్చిన ఫోటో ఏ వేళప్పుడు తీశారో ఇలా పట్టేయొచ్చు. నీడ పాదాల కిందే ముడుచుకుందా, మిట్టమధ్యాహ్నం. కళ్ల గుంటల్లో నలుపు, ముక్కు కింద మీసంలాంటి నీడ వచ్చేది ఆ వేళలోనే.

ఈ ఎండ చదువు బాగా అక్కరకొచ్చేది శ్రీముఖలింగం గుడిలో. రాతి మీది శిల్పాన్ని కంటికి కట్టేది వెలుగు కంటే నీడ. ఎండ ఎదురుగా పడితే అంత లోతైన చెక్కడం కూడా గోడకు అతికించిన కాగితంలా చదునైపోతుంది. గోడను రాసుకుంటూ, దాదాపు గోడకు సమాంతరంగా పడే ఎండలోనే నగల గీతలు, వేళ్ల కణుపులు, లతల చుట్లు పైకి లేస్తాయి. కాబట్టి ఏ గోడకు ఏ కాలమో తెలియాలి. తూర్పు గోడకు పొద్దున్నే వెళ్తే ఎదురెండ, పదకొండు దాటాక రాసుకునే ఎండ. దక్షిణపు గోడకు చలికాలమంతా ఎండ ఉంటుంది, అందులో పొద్దున మొదటి గంట, సాయంత్రం చివరి గంట వాలుగా పడుతుంది. ఉత్తరపు గోడ సంగతే తమాషాగా ఉంటుంది. ఎక్కువ నెలలు మధ్యాహ్నం అది నీడలోనే. కానీ మన అక్షాంశం పద్ధెనిమిదిన్నర డిగ్రీల చిల్లర కాబట్టి, మే మధ్య నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. ఆ రోజుల్లో మబ్బు లేకపోతే, పైన చూరు అడ్డం రాని చోట, ఉత్తరపు గోడ మీద పై నుంచి కిందికి సన్నగా జారే ఎండ దొరుకుతుంది. మిట్టమధ్యాహ్నం ఫోటోలు తీయకూడదని చెప్పే పుస్తకం జ్ఞానం అక్కడ పనికిరాదు. ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి. గర్భగుడి వైపు కెమెరా ఎత్తకండి.

విజయనగరం వైపు రండి. సిరిమాను. విజయదశమి వెళ్లిన తర్వాత మంగళవారం, పైడితల్లి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరిగే ఆ చింతమాను పొడవు యాభై, అరవై అడుగులు. కొనన పూజారి. కింద ఇసుక వేస్తే రాలనంత జనం. దీన్ని చెడగొట్టేవి రెండు. ఒకటి, మాను మొదలు దగ్గరికి తోసుకుంటూ వెళ్లడం. అక్కడి నుంచి తలెత్తి తీస్తే పూజారి కూర్చున్న పీట అడుగు తప్ప ముఖం రాదు. మాను పొడవు కూడా కుంచించుకుపోతుంది, అరవై అడుగుల మాను ఆరడుగుల కర్రలా కనపడుతుంది. కొన ఎంత ఎత్తులో ఉందో దానికి కనీసం రెట్టింపు దూరం వెనక్కి ఉండండి. అప్పుడు తల పాతిక డిగ్రీలకు మించి ఎత్తక్కర్లేదు, మాను వాలు మొత్తం తెలుస్తుంది, ముఖమూ దొరుకుతుంది. 200 మిల్లీమీటర్ల లెన్స్ సరిపోతుంది.

రెండోది ఆకాశం. ఆ రోజుల్లో మధ్యాహ్నం మబ్బు తెల్లగా మెరుస్తూ ఉంటుంది. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఆ తెలుపును చూసి మొత్తం ఫోటోను చీకటి చేస్తుంది, పూజారి ముఖం బొగ్గవుతుంది. ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటి వేయండి, మబ్బు తెల్లగా పోతే పోనివ్వండి. ఇంతకంటే మంచి విరుగుడు మళ్లీ కాళ్లదే. ఇంటివాళ్లను అడిగి రెండో అంతస్తు, మూడో అంతస్తు డాబా మీద చోటు సంపాదించుకుంటే పూజారి వెనక ఆకాశం పోయి ఎదుటి మేడలు, కింది జనం వస్తారు. వెలుగు తేడా తగ్గిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒంటరిగా గాల్లో ఉన్న మనిషీ కింద లక్షల తలలూ ఒకే ఫ్రేములో పడతాయి. సిరిమాను ఫోటోల్లో గుండె ఝల్లుమనిపించేవి ఎక్కువగా ఈ పై నుంచి తీసినవే. పిట్టగోడల మీద ఎక్కి కూర్చోకండి, పండగనాడు డాబాలన్నీ కిక్కిరిసి ఉంటాయి.

జనం విసిరే అరటిపళ్లు కూడా షట్టర్ చదవడం నేర్పుతాయి. పండు పండులా గాల్లో ఆగి కనపడితే షట్టర్ 1/1000 సెకను లేదా అంతకంటే వేగం. పసుపు గీతలా సాగితే 1/60 దరిదాపు. రెండూ సరైనవే, కానీ చెప్పే మాట వేరు. ఆగిన పండు చూపును తన మీదికి లాక్కుంటుంది. గీతలైతే చూపును పైకి, పూజారి వైపు మోసుకుపోతాయి. నన్నడిగితే గీతలకే ఓటు. తప్పెటగుళ్ల ఆటకూ ఇదే తర్కం. గుండెకు కట్టిన రేకు తప్పెట, గాల్లోకి లేచిన మనిషి స్పష్టంగా ఆగాలంటే 1/500 నుంచి 1/800. గజ్జెల కాళ్లు అలికినట్టయి ముఖం మాత్రం నిలవాలంటే 1/30 పెట్టి, గెంతు పైకొచ్చి ఆగే కొనక్షణంలో నొక్కాలి. పది తీస్తే ఒకటి దొరుకుతుంది, అది మామూలే.

ఇక పొందూరు. రాట్నం ఫోటోల గురించి మాట్లాడాలంటే 1946లో మార్గరెట్ బర్క్-వైట్ పూణేలో తీసిన గాంధీ ఫోటో దగ్గర ఆగాల్సిందే. అందులో గాంధీ నూలు వడకడం లేదు, చాలామంది అలా గుర్తుపెట్టుకుంటారు గానీ. ఆయన వెనక కూర్చుని కాగితాలు చదువుకుంటున్నారు. ముందు, పెద్దగా, రాట్నం. కెమెరా నేల మీద కూర్చున్న మనిషి కళ్లకు దగ్గర ఎత్తులోకి దిగింది, రాట్నానికి చాలా దగ్గరగా వచ్చింది. దగ్గరున్నది పెద్దది, దూరమున్నది చిన్నది. ఒక చిన్న చెక్క పరికరం ఒక మనిషితో సమానమైన పాత్ర అయిపోయింది. అదంతా దూరం చేసిన పని, లెన్స్ చేసింది కాదు. ఫోటో తీసే ముందు రాట్నం తిప్పడం నేర్చుకోవాలని ఆశ్రమం వాళ్లు పట్టుబట్టారు. మూడంటే మూడు ఫ్లాష్ బల్బులకే అనుమతి. మొదటి రెండూ దండగైపోయాయి, మూడోది పనిచేసింది.

పొందూరులో ఇంటి గుమ్మం దగ్గర వడికే ఆవిడను తీయాలనుకోండి. మనకు కనపడాల్సింది నూలు పోగు. వంద కౌంటు నూలంటే వెంట్రుక మందం. మామూలుగా తీస్తే అసలు కనపడదు, ఆవిడ గాల్లో ఏదో పట్టుకున్నట్టుంటుంది. పోగు కనపడాలంటే దాని వెనక చీకటి ఉండాలి, వెలుగు పోగు అవతలి నుంచి, కాస్త పక్కగా రావాలి. కాబట్టి గుమ్మంలో నిలబడి లోపలికి తీయకండి. ఆవిడ అనుమతితో లోపలికి వెళ్లి పక్కగోడకు ఆనుకుని కూర్చోండి. గుమ్మం మీకు ఒక ఎదురు మూల వైపు ఉండాలి, ఫ్రేములోకి మాత్రం రాకూడదు. పోగు వెనక ఇంటి చీకటి మూలో, ముదురు రంగు తలుపో పడేదాకా తల అంగుళం అంగుళం జరపండి. ఒక చోట పోగు టక్కున వెలుగుతుంది, ఏకు దగ్గర నుంచి కదురు దాకా ఒకే తెల్లటి గీత. రెండంగుళాలు అటు జరిగితే మాయం. ఆ చోటు దొరికాక కదలకండి, అక్కడి నుంచే అన్నీ తీయండి.

ఎల్‌ఈడీ బల్బు వెలుగుతుంటే వినయంగా ఆర్పమని అడగండి. గుమ్మం వెలుగు నీలంగా, బల్బు వెలుగు పసుపుగా పడి చీర ఒక రంగులో చెయ్యి ఇంకో రంగులో వస్తాయి, తర్వాత సరిచేయలేం. ఆర్పడం కుదరకపోతే షట్టర్ 1/50 లేదా 1/100 దగ్గర ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బు సెకనుకు వందసార్లు మినుకుతుంది. షట్టర్ దానితో పొసగకపోతే ఫోటోలో అడ్డచారలు పడతాయి. చక్రం తిరుగుతున్నట్టు కావాలంటే 1/15, మోచేతులు మోకాళ్లకు ఆనించి ఊపిరి బిగబట్టి తీయాలి. పత్తిని శుభ్రం చేయడానికి వాడే వలుగ చేప దవడను కూడా తీయకుండా రాకండి. అరచేతిలో పట్టే ఆ పళ్ల వరసను, పక్కనే దూది పోగుల్ని అడుగు దూరం నుంచి, పక్క వెలుగులో. రాట్నం ఫోటో లోకంలో ఎక్కడైనా దొరుకుతుంది, దవడ ఫోటో దొరకదు.

తేలినీలాపురం పక్షుల ఫోటోలకు నాదొక ఫిర్యాదుంది. పెద్ద లెన్స్ పెట్టి గూడబాతు ముక్కు నుంచి తోక దాకా ఫ్రేము నిండా నింపి, వెనకంతా పచ్చటి మసక చేసేస్తారు. చక్కగానే ఉంటుంది. కానీ అది తేలినీలాపురమో ఇంకెక్కడో ఆ ఫోటో చెప్పదు. ఆ ఊరి విశేషమే పక్షులు మనుషుల ఇళ్ల పక్కన చింతచెట్ల మీద గూళ్లు పెట్టుకోవడం. ఒకే ఫ్రేములో పైన గూళ్లు, కింద పెంకుటిల్లో, సైకిల్ మీద బడికి పోయే గుంటడో పడితే దాని ముందు ఎంత దగ్గరి ఫోటో అయినా దిగదుడుపే. 70 నుంచి 135 మిల్లీమీటర్ల లెన్స్ చాలు. గూళ్లలో పిల్లలుండే డిసెంబరు, జనవరి నెలల్లో పిల్ల పక్షి తల్లి గొంతుసంచిలోకి తలదూర్చి తినడం దొరుకుతుంది, దానికి మాత్రం 400 పైన కావాలి. ఎగిరేవాటికి 1/1600. చీకటి చెట్టు ముందు లేత రంగు పక్షి కాబట్టి ఎక్స్‌పోజర్ మైనస్ 0.7, లేకపోతే ఈకల గీతలు తెల్లగా కాలిపోతాయి. నౌపడ ఉప్పు మడుల్లో దీనికి సరిగ్గా ఎదురు. ఫ్రేమంతా తెలుపే కాబట్టి మీటరు ఉప్పు రాశిని బూడిద కుప్ప చేస్తుంది, ప్లస్ ఒకటి నుంచి ఒకటిన్నర వేయాలి.

పక్షుల ఫోటోలో తీసినవాడి నడత కూడా కనపడుతుంది. గుంపంతా ఒక్కసారిగా లేచి, తోకలు కెమెరా వైపు పెట్టి ఒకే దిక్కుకు పోతున్నాయంటే చప్పట్లు కొట్టో, చెట్టు కిందికి వెళ్లో లేపారనే అనుమానించాలి. గూటి మీద పెద్దపక్షి లేకుండా గుడ్లు కనపడుతున్న ఫోటో ఎంత అరుదైనదైనా మీ మూడింట్లో పెట్టకండి. తేలుకుంచిలో వర్షాకాలంలో గూళ్లు కట్టే ఓపెన్‌బిల్ కొంగల ఫోటోలకూ ఇదే వర్తిస్తుంది.

ఫ్రేములో ఎన్ని ముఖాలున్నాయో కూడా లెక్కపెట్టండి. ముఖం ఉన్న చోటికే చూపు పోతుంది, రెండు ముఖాలుంటే రెండుగా చీలుతుంది. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కోతకూలీల గుడారాల దగ్గర డొరొతియా లాంగ్ తీసిన వలస తల్లి ఫోటోలో మనుషులు నలుగురు. ఒడిలో పసిబిడ్డ, భుజాల మీద వాలిన ఇద్దరు పిల్లలు, తల్లి. కానీ స్పష్టంగా కనపడే ముఖం ఒక్కటే. ఆ ఇద్దరూ కెమెరాకు వీపు తిప్పేశారు. అదే చోట దూరం నుంచి తీసిన ఫోటోలు కూడా భద్రంగా ఉన్నాయి. వాటిలో గుడారం, సామాన్లు, కెమెరాను చూస్తున్న పిల్లలు అన్నీ ఉన్నాయి, సమాచారం ఎక్కువ, పట్టు తక్కువ. మన జాతరల ఫోటోలు చప్పబడేది ఇక్కడే. కెమెరా చూడగానే పిల్లలంతా ఇటు తిరిగి నవ్వుతారు. వాళ్లకు ముందు ఆ నవ్వుల ఫోటో తీసి చూపించేయండి. రెండు నిమిషాల్లో ఆసక్తి పోయి ఎవరి పనిలో వాళ్లు పడతారు. మీరు తీయాల్సింది ఆ తర్వాతే.

ఇప్పుడు మీ పేరాకు. ఫోటోకు మూడు నాలుగు వాక్యాలు చాలు. మొదటి వాక్యంలో మీ చూపు మొదట ఎక్కడ పడిందో రాయండి, రెండో దాంట్లో అక్కడి నుంచి ఎటు పోయిందో. ఆపైన దానికి కారణమైన నిర్ణయం ఒక్కటి. అన్నీ చెప్పాలని చూడకండి, ఒక్కటే బలమైనది. అలివి వల ఫోటో మీదైతే ఇలా రాయొచ్చు: "మొదట బిగిసిన తాడు కనపడింది, దాని వెంట పోతే చివరి ముసలాయన మడమ. అందరి వీపులూ ఒకే వాలులో ఉంటే ఆయనది ఒక్కటే నిటారుగా ఉంది. సముద్రపు గీత మోకాళ్ల దగ్గరుంది కాబట్టి తీసినవాళ్లు ఇసుక మీద కూర్చున్నారు, అందుకే ఆ తేడా ఆకాశం మీద గీసినట్టు తెలుస్తోంది." అద్భుతం, మహాద్భుతం అన్న మాటలు ఇందులో లేవు, ఉన్నా అదనంగా తెలిసేది లేదు. నచ్చనిది ఏదైనా ఉంటే అదీ రాయండి. ఎడమ మూలలో సగం తెగిన పడవ చికాకు పెడుతోందంటే, మీరు ఆ ఫోటోను నిజంగా చూశారని చదివినవాళ్లకు నమ్మకం కుదురుతుంది. ఒక చిన్న పరీక్ష: మీ పేరాను ఫోటో లేకుండా ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. వాళ్లు కాగితం మీద పెట్టె గీసి ఏది ఎక్కడుందో సుమారుగా గుర్తు పెట్టగలిగితే పేరా పాసైనట్టే.

మూడు ఫోటోలూ ఒకే కారణానికి నచ్చినవైతే రెండు తీసేయండి. మూడూ సూర్యోదయాలేనా అని కాదు, మూడింటి బలమూ ఒకటేనా అని చూసుకోండి. ఒకటి ఎత్తు వల్ల, ఒకటి వెలుగు వల్ల, ఒకటి క్షణం వల్ల పట్టేసినవి పెడితే గ్రూపులో చర్చ సాగుతుంది.

పంపేటప్పుడు: వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో బాగా కుదించుకుపోతుంది, నూలు పోగు లాంటివి ముందుగా పోయేది అక్కడే. తెల్లవారుజాము ఆకాశం మెట్లు మెట్లుగా చారలు పడేదీ దానివల్లే. డాక్యుమెంట్‌గా పంపండి. వేరేవాళ్లు తీసిందైతే తీసినవాళ్ల పేరు తప్పక రాయండి, మూలలో వాళ్ల పేరున్న భాగాన్ని కత్తిరించకండి. పేరు తెలియని ఫార్వర్డు ఫోటోను ఎంత నచ్చినా పెట్టకపోవడం మేలు. గూగుల్ లెన్స్‌లో వెతికితే చాలాసార్లు మొదట పెట్టినవాళ్లు దొరుకుతారు. నాగావళి రేవుల్లో స్నానాలు చేసేవాళ్ల ఫోటోలు, ఇళ్లలో పనిచేసుకునే ఆడవాళ్ల ఫోటోలు మీరే తీసినవైనా వాళ్లను అడిగాకే పెట్టండి.

సిరిమాను ఫోటో ముందుగా పెట్టి, కింద అది ఏ ఎత్తు నుంచి తీసిందో మీ అంచనా రాయండి. తీసినాయన ఆ గ్రూపులోనే ఉంటే సరో కాదో ఆయనే చెబుతాడు.